ఖాళీ మేకు

పెళ్లయి భూపాలపల్లి వచ్చిన కొత్తలో ఈ ఊరంటే నాకు ఒళ్లుమంట. పాలకుర్తి పక్కన పత్తిచేలలో పెరిగినదాన్ని. ఇక్కడ పొద్దున ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేది. "బట్టలు ఉతకనీకే చేసుకున్నవా నన్ను?" అని మా ఆయనను సతాయించేదాన్ని. బొగ్గుబాయిలో పని ఆయనది. నవ్వేవాడు.

బాయిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరున్న బిళ్ల ఒకటి ఉంటుంది. దిగేటప్పుడు తమ షిఫ్టు బోర్డు మీది మేకు నుంచి తీసుకుపోవాలి, పైకి రాగానే మళ్లీ తగిలించాలి. మేకు ఖాళీగా ఉంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు లెక్క; ఒక్కటి ఖాళీగా ఉన్నా ఆ షిఫ్టువాళ్లెవరూ ఇంటికి కదలరు. ఇదెక్కడి చాదస్తమని నేను వెక్కిరించేదాన్ని.

ఆ రోజు మొదటి షిఫ్టు నుంచి మా ఆయన జ్వరంతో వచ్చి, అన్నం కూడా తినకుండా పడుకున్నాడు. నిద్ర చెడుతుందని నేనే ఆయన ఫోన్ మోగకుండా పెట్టాను. చొక్కా నానబెడుతుంటే జేబులో బిళ్ల తగిలింది. ఫోన్ చూస్తే వరసగా మిస్డ్ కాల్స్. లేపి చూపించగానే ఆయన మొహం పాలిపోయింది.

"మావోళ్లు మల్ల దిగుంటరే!"

చెప్పులైనా వేసుకోకుండా బండి తీశాడు. వెనక నేను, పిడికిట్లో బిళ్ల.

నిజంగానే దిగారు. మా ఆయన పైకి రావడం చూశామని ఇద్దరు చెప్పినా, బిళ్ల లేనిదే నమ్మలేదట. షిఫ్టంతా పనిచేసి అలసిన మనుషులు, తమ బిళ్లలు మళ్లీ తీసుకుని, ఆకలితోనే వెతకడానికి పోయారు. సిగ్గుతో చచ్చిపోయాను.

పైన బిళ్లల బోర్డు చూసుకునే పెద్దాయన మమ్మల్ని చూడగానే కిందికి కబురు పంపాడు.

"తప్పు నాదే బాపు. ఫోన్ సప్పుడు రాకుంట వెట్టిన. తిట్టుండ్రి" అన్నాను.

"తిట్టుడెందుకు బిడ్డా? మనిషి సల్లగున్నడు. గంతకంటె ఏం గావాలె?"

పెద్దాయన బిళ్లను కళ్లకద్దుకుని మేకుకు తగిలించాడు.

కిందివాళ్లు ఒక్కొక్కరే పైకి వచ్చారు. మసి మొహాల్లో కళ్లు, పళ్లే కనిపిస్తున్నాయి. బిళ్లలు తగిలించి, మా ఆయన వీపు మీద తలా ఒకటి చరిచి నవ్వారు. ఒక్కరూ విసుక్కోలేదు. ఇలాంటి వాళ్లనా ఇన్నాళ్లూ వెక్కిరించాను అని ఏడుపొచ్చింది.

"ఇగ ఇంటికి పోదాం పా" అన్నాడు మా ఆయన, జ్వరానికి వణుకుతూ.

బోర్డు మీద ఇంకా ఒక మేకు ఖాళీగా ఉంది.

"ఆగు" అన్నాను. "ఇంకొకాయన రాలే."