షమీమ్ తలకు గోరింటాకు, నా కళ్ళలో కుళ్ళు

మా చిన్నప్పుడు... నెలకో ఆదివారం పొద్దున్నే పక్కింటి గోడ మీద గడ్డం ఆనించి నిలబడేదాన్ని. గోడ అవతల నా క్లాస్‌మేట్ షమీమ్ పీట మీద కూర్చుని ఉండేది. దాని వెనక మంచం మీద వాళ్ళ నానమ్మ, మస్తాన్‌బీ మామ్మ. పక్కన గిన్నె నిండా గోరింటాకు ముద్ద...

మామ్మ తన తెల్లజుట్టుకి పెట్టుకోగా మిగిలింది మనవరాలికి పెట్టేది. ఒక పాయ తీసి, కుదుళ్ళ దాకా పట్టించి, నిదానంగా ఇంకో పాయ తీసేది. మధ్యలో ఏవో కబుర్లు చెప్పేది. చివర్లో ఆముదం ఆకు కప్పి, పాత గుడ్డతో తల చుట్టేది. ఆ కాసేపూ షమీమ్ కళ్ళు మూసుకుని మహారాణిలా ఉండేది.

సోమవారం బడికి వెళ్తుంటే దాని జుట్టు ఎండలో ఎర్రగా మెరిసేది. అందరూ "అబ్బ, ఏం రంగే" అనేవాళ్ళు. నాకు కడుపు రగిలిపోయేది. రంగు ఒక్కటే అయితే ఎలాగో ఓర్చుకునేదాన్నేమో... అంతసేపు ఒక మనిషి దాని తల నిమురుతూ కూర్చోవడమే చూడలేకపోయేదాన్ని.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. ఎండాకాలం వస్తే మా అమ్మ కల్లంలోనే ఉండేది. మిరపకాయలు ఆరబోయడం, తిరగెయ్యడం, రంగు పోయిన తాలుకాయలు ఏరడం... నా జడలు మాత్రం అన్నం వార్చేలోపు అయిపోవాలి. ఆవిడ లాగి బిగించిన లాగుడుకి కళ్ళు చెవుల దాకా సాగేవి.

ఒకరోజు అడిగేశాను. "అమ్మా, నాకు కూడా తలకి గోరింటాకు పెట్టవా?"

"కాటుకలాంటి జుట్టు పెట్టుకుని రంగేంటే నీకు? మబ్బు పట్టేట్టుంది, కాయలు పోగెయ్యాల. పో, చెల్లికి అన్నం పెట్టు."

అయిపోయింది... ఇక నాకు నేనే రంగేసుకోవాలని తీర్మానించుకున్నాను.

మర్నాడు అమ్మ కల్లానికి వెళ్ళగానే పెరట్లో గోరింటాకు దూసి, రోట్లో వేశాను. అంతకుముందు రోజే ఆ రోట్లో ఇంటికి కారం దంచారు. ఇంకా దంచాల్సింది ఉందని అమ్మ నీళ్ళు తగలనివ్వకుండా గుడ్డతో తుడిచి వదిలేసింది. రోటి గుంటల్లో ఎర్రగా ఇంకా కనిపిస్తూనే ఉంది. నేనేమనుకున్నానంటే... మంచిదేగా, ఇంకాస్త ఎరుపెక్కుతుంది!

మిరపకాయల మధ్య పుట్టి పెరిగినదానివి, ఆ మాత్రం తెలియదా అనకండి. కుళ్ళులో ఉన్న మనిషికి ముక్కు కూడా పనిచెయ్యదు.

మెత్తగా నూరి, తలంతా దట్టంగా పట్టించాను. ఆముదం ఆకు కప్పి, అమ్మ పాత చీర ముక్కతో బిగించి కట్టాను. అద్దంలో చూసుకుని మురిసిపోయాను కూడా... తర్వాత మొదలైంది. ముందు చెవుల వెనక చిటపటలు, ఆపైన మాడు, ఆపైన చేతులు. నా కేకలకి చెల్లెలు బుజ్జి భయపడి కల్లానికి పరిగెత్తింది.

అమ్మ పరుగున వచ్చింది. పైన మబ్బు కమ్ముతోంది, కల్లంలో కాయలు పరిచినవి పరిచినట్టే ఉన్నాయి.

"ఓసి నీ బుద్ధి తగలెయ్య! కారం రోట్లో నూరావటే?"

తిడుతూనే ముందు తన చేతుల కారం మజ్జిగతో వదిలించుకుంది. నా తలకి నూనె పట్టించి ముద్దంతా తీసింది. తర్వాత చల్లటి మజ్జిగ పోసింది... మళ్ళీ మళ్ళీ పోసింది. నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని పాయ పాయ విడదీసి ఊదింది. "ఇక్కడ మండుతోందా? ఇక్కడో?" అని అడుగుతూనే ఉంది. మంట ఎప్పుడో తగ్గిపోయింది. అయినా నేను ఊఁ అంటూనే ఉన్నాను.

బుజ్జి గుమ్మంలో నిలబడి మమ్మల్నే చూసింది. కాసేపటికి మాయమైంది. మళ్ళీ వచ్చేసరికి దాని నెత్తి మీద, రోట్లో నేను మిగిల్చిన ముద్ద!

"అమ్మా... నాకూ మండుతోంది."

అమ్మ దాన్ని చూసి, నన్ను చూసి, తిట్టబోయి నవ్వేసింది. నన్ను పక్కకి జరిపి దాన్ని లాక్కుంది. చినుకులు మొదలైనా లేవలేదు. ఆ ఏడు మా కాయల రంగు దెబ్బతిందని నాన్న చాలా రోజులు సణిగాడు... నాకు షమీమ్ మీద కుళ్ళు ఆ పూటతో పోయింది. కానీ చెల్లెలి మీద మొదలైంది!

నా జుట్టుకి రంగూ రాలేదు, పాడూ రాలేదు. పైగా షమీమ్ బడి దారిలో వాసన చూసి, "ఏమేవ్, నీ దగ్గర ఆవకాయ వాసనొస్తందే" అంది.

ఇప్పుడు రోలూ లేదు, ఆకూ లేదు. ప్యాకెట్టు కత్తిరించి, ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని, బాత్‌రూమ్ అద్దం ముందు ఒక్కదాన్నే రంగేసుకుంటాను. ముందు వైపు బాగానే వస్తుంది. వెనక చెయ్యి అందదు, కంటికి కనపడదు... అక్కడ తెలుపు అలాగే ఉండిపోతుంది.

అమ్మ ఒంగోలులో బుజ్జి దగ్గరే ఉంటోంది. మొన్న అది ఫ్యామిలీ గ్రూపులో ఫొటో పెట్టింది. బుజ్జి కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చుంది, అమ్మ వెనక నిలబడి పాయ తీసి రంగు రాస్తోంది. అందరూ లవ్ సింబల్స్ పెట్టారు. నేను చూసి ఫోన్ పక్కన పడేశాను... నలభై దాటాక కూడా ఈ బుద్ధి పోలేదు.

మీకు తల వెనక రంగు రాసేవాళ్ళు ఇంట్లో ఉన్నారా? ఉంటే దయచేసి నాకు చెప్పకండి... లేనివాళ్ళు మాత్రం కామెంట్లలోకి రండి, ఒకప్పుడు ఎవరు రాసేవారో చెప్పుకుందాం.