నిరోష తుపాకికి నేను పెట్టిన బ్లేడు

నల్లగొండలో పోలీసు తుపాకులు బాగుచేసే మారయ్యను నేను. ముప్పై రెండేళ్ళు ఆ ఒక్క పనే చేశాను. ఇదివరకైతే ఎవరు కూచున్నా ముందు నా గొప్పలు మొదలుపెట్టేవాణ్ణి. ఇప్పుడు నిరోష గురించి చెప్తాను. నా సంగతి అందులోనే ఉంది.

పాత త్రీనాట్‌త్రీ తుపాకి గొట్టం చివర గోరంత ఇనుప పలక నిలబడి ఉంటుంది. కాల్చేవాళ్ళు దాన్ని గురికి ఆనించి చూస్తారు. మేం దాన్ని బ్లేడు అంటాం. పైకి అన్నీ ఒకటే. ఎత్తులో మాత్రం వెంట్రుకవాసి తేడాలతో అరడజను పైగా రకాలున్నాయి. ఏ తుపాకికి ఏ ఎత్తు సరిపోతుందో కాల్చి చూసి బిగిస్తారు. ఎత్తు చెప్పే అంకె అడుగున కొట్టి ఉంటుంది. మా దగ్గరున్నవాటిలో ఇంగ్లీషువాళ్ళ కాలం బ్లేడుకు అంకె సన్నగా, లోతుగా ఉండేది, మన దేశంలో చేసినదానికి వెడల్పుగా ఉండేది. ఏళ్ళ తరబడి అరిగి చాలావాటి మీద ఆ అంకె మాసిపోయింది. అలాంటివాటిని బొటనవేలి గోటితో తడిమి ఇది ఫలానాది అని చెప్పేవాణ్ణి. కొలిచి చూస్తే సరిగ్గా అదే. మహబూబ్‌నగర్ నుంచి కూడా డబ్బాలో వేసుకొని నా దగ్గరికి తెచ్చేవారు. నాకు పొగరెక్కింది, అబద్ధమెందుకు.

తెలంగాణ వచ్చిన మరుసటేడు నిరోష మా దగ్గరికి కానిస్టేబులుగా వచ్చింది. నకిరేకల్ మార్కెట్లో బస్తాలు మోసే మైసయ్య పెద్దబిడ్డ. మాదీ ఆ పక్క ఊరే కాబట్టి నన్ను పెద్దనాయిన అని పిలిచేది. మనిషి బక్కది. తుపాకి తన్నుకు భుజం కమిలిపోయేది. అయినా ఐదు రౌండ్లిస్తే ఐదూ గురికాగితం నడిమి నల్లచుక్కలోనే పెట్టేది. రాష్ట్ర పోటీలకు జిల్లా నుంచి ఒక్క ఆడపిల్లనే పంపుతారు. అది నిరోషే అని మాలో ఎవరికీ అనుమానం లేదు. మైసయ్య అయితే ఎంపిక కాకముందే మార్కెట్టంతా చెప్పుకొని తిరిగాడు.

రెండువేల పదహారు దసరాకు ఎప్పటిలాగే ఆయుధపూజ చేశాం. నూనెలో కలిపిన పసుపు, కుంకుమ గొట్టాలకూ బ్లేడ్లకూ పట్టించారు. మర్నాటికి అదంతా సందుల్లో గట్టిపడుతుంది. దాన్ని తీయడం నా పని. ఒక తుపాకి బ్లేడు ఊడదీసి, కడిగి, మళ్ళీ దానికే బిగించాకే రెండో తుపాకిని ముట్టుకోవాలి. కొత్తవాళ్ళు ఈ వరస తప్పితే నానా తిట్లూ తిట్టేవాణ్ణి. ఆ రోజు ఇంట్లో మాంసం ఉడుకుతోంది, బావమరుదులు వచ్చి కూచున్నారు. నిరోషదాంతో కలిపి పన్నెండు తుపాకుల బ్లేడ్లూ ఒకే కిరసనాయిలు మగ్గులో పడేశాను. నా గోరుండగా భయమేమిటి అనుకున్నాను. తడిమాను, బిగించాను. కాల్చి చూడాలన్న సంగతి తెలిసీ చూడకుండానే ఇంటికి పోయి కడుపునిండా తిన్నాను.

వారం తర్వాత ఎంపిక. దూరం రెండు వందల గజాలు. నిరోష పది రౌండ్లు కాల్చింది. ఒక్కటీ నల్లచుక్కకు తగల్లేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. గురికాగితం తేవడానికి నేనే వెళ్ళాను. పదికి పది రౌండ్లూ జానెడు కింద, అరచేతంత చోట పడ్డాయి. చెయ్యి వణికిన మనిషికి అలా పడవు. బ్లేడు ఎత్తు ఎక్కువైతేనే గుండు కిందికి పోతుంది. నా గోరు తప్పిందని అక్కడే తెలిసిపోయింది.

తిరిగి వచ్చాక ఎంపిక చేసే అధికారి, తుపాకి బాగుందా మారయ్యా, అని అడిగాడు. చుట్టూ అరవై మంది ఉన్నారు. మారయ్యే బ్లేడ్లు తారుమారు చేశాడట అని రెండు జిల్లాల్లో చెప్పుకుంటారని భయమేసింది.

“బాగుంది సార్” అన్నాను.

నా నోరు పడిపోయినా బాగుండేది. పిల్ల బెదిరిందిలే అని అధికారి రెండో పేరు రాసుకున్నాడు. ఆ కాగితాన్ని నిరోషకు చూపించకుండా చుట్టి తీసుకుపోయి చెత్తలో కాల్చేశాను. మధ్యాహ్నం తుపాకి విప్పి చూస్తే అనుకున్నదే. ఆమె బ్లేడు గేటు దగ్గర పహరా కాసేవాడి తుపాకికి పోయింది, వాడిది ఆమెకు వచ్చింది. గప్‌చుప్‌గా మార్చేశాను. ఛీ, ఆ పని మాత్రం ఎంత నీటుగా చేశానో.

నిరోష కళ్ళ దవాఖానకు రెండుసార్లు పోయి వచ్చింది. కళ్ళలో దోషం లేదన్నారు. అయితే నా చెయ్యే మంచిది కాదు అనుకుంది. మరుసటేడు పిలిస్తే పేరివ్వలేదు. అడిగి మరీ చౌటుప్పల్‌లో ట్రాఫిక్ పనికి వెళ్ళిపోయింది. ఎదురైనప్పుడల్లా బాగున్నవా పెద్దనాయినా అని పలకరించేది. ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అంటూ ఆరేళ్ళు గడిపాను. ఈలోగా రిటైరయ్యాను. నాకు శాలువాలు కప్పారు, నా గోటిని పొగిడారు. నేను నవ్వుతూ కూచున్నాను.

ఆ తర్వాత నెలకు నిరోష మా ఇంటికి వచ్చింది. చెల్లెలు సుహాసిని డిగ్రీ చదువుతూ ఎన్‌సీసీలో చేరిందట. తుపాకి పోటీకి పేరిస్తానని పట్టుబట్టిందట.

“నువ్వు జర చెప్పు పెద్దనాయినా. మా ఇంటోళ్ళ చేతుల్ల గా గురి లేదు. నా లెక్కనే పదిమంది ముంగట నవ్వులపాలైతది. నువ్వు చెప్తె ఇంటది.”

నేను అక్కను పాడుచేసింది చాలక, చెల్లెల్ని కూడా నా నోటితోనే ఆపమంటోంది. ఇక నావల్ల కాలేదు.

“నీ చేతిల తప్పు లేకుండె బిడ్డా. బ్లేడు నేను తప్పు పెట్టిన” అన్నాను.

మగ్గు సంగతి, కాగితం సంగతి, బాగుంది సార్ అన్న సంగతి అన్నీ చెప్పాను. ఆమె అరవలేదు. ఒక్కటే అడిగింది.

“రౌండ్లన్నీ ఒక్క జాగల్నే పడ్డయా?”

“పదికి పది. అరచేతంత జాగల.”

కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కళ్ళ దవాఖాన చుట్టూ తిరిగిన రోజుల్లోనైనా చెప్పకపోయావే అన్నది. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమె ఫోను తీసి చెల్లెలికి కలిపి, స్పీకరు పెట్టి, ఆ మాటలే దానికీ చెప్పమంది. చెప్పాను. ఇంకా పంతొమ్మిదేళ్ళు నిండని పిల్ల, అప్పుడే ఎందుకు చెప్పలేదు అని అడిగింది.

నిరోష ఫోను తన వైపు తిప్పుకుంది.

“పేరియ్యి సుహాసినీ. కాల్చే ముందుగాల మాత్రం తుపాకి ఎవలు చూసిండ్రో అడుగు. ఎంత పేరున్నోడు చూసినా సరే, నువ్వొక రౌండు కాల్చి చూసుకో.”

నా మొహం మీద నుంచి చూపు తిప్పకుండానే అన్నది ఆ మాట.