గౌరయ్య ఎత్తని గేటు

రైలు తోక కంటికి ఆనినంతసేపూ గేటు ఎత్తకపోవడం గౌరయ్యకున్న ఏకైక జబ్బు. మేడ్చల్ దగ్గర ఆయన కాపలా కాసే రైల్వే గేటు ముందు ఆగిన లారీలవాళ్లు ఆయన ఏడు తరాలనూ తిట్టేసి, ఎనిమిదో తరం కోసం వెతుక్కునేవాళ్లు.

"రైలు పోయింది గదనే గౌరన్నా!"

"యాడ వోయింది? గా తోక కనవడ్తలేదా?"

"నాకు పొగ గుడ కనవడ్తలేదు!"

"అయితే నువ్వు కండ్లద్దాలు వెట్టుకోవాలె."

మీటర్‌గేజి పోయి వెడల్పు పట్టాలు పడ్డ కొత్త రోజులవి. పాత బండి ఎద్దుబండితో పందెం వేసుకున్నట్టు నడిచేది. కొత్తది రయ్యిమని దూసుకుపోతుంటే గౌరయ్య పచ్చజెండా పట్టుకొని, కలెక్టరైన కూతుర్ని చూస్తున్న తండ్రిలా పొంగిపోయేవాడు. ఏనాడూ సర్కారు రైలు అనలేదు, "మా రైలు" అనేవాడు.

ఆయనతో అందరికన్నా విసిగినవాడు రాఘవేందర్. గేటుకు అవతల బోల్టులు చేసే చిన్న వర్క్‌షాపు ఆయనది. రైలు జోరు పెరిగితే ఊళ్లో వ్యాపారాలూ పరుగెత్తుతాయని మిఠాయిలు పంచినవాడు. తీరా చూస్తే పనివాళ్లు షట్టర్ దగ్గర, తాళంచెవితో తాను గేటు దగ్గర!

ఒకరోజు స్కూటర్ వదిలేసి గేటు గది దగ్గరికి దూసుకెళ్లాడు. "అర్జీ పెడ్త గౌరయ్యా! నౌకరీ వోతది నీకు!" అని అరిచి, అంతలోనే ఆగిపోయాడు. గౌరయ్య రైలువైపు చూడటమే లేదు. ఆగిన బస్సు కిటికీల కింద శామీర్‌పేట ద్రాక్ష అమ్ముతున్న సాలమ్మనే చూస్తున్నాడు.

"పాత బండప్పుడు గేటు వడితే సాలమ్మ గంప ఖాళీ అయ్యేది సేటూ. ఇప్పుడు మా రైలు ఉరుకవట్టె, ఆమె గిరాకి వాయె. మా రైలు వల్ల ఒకలి పొయ్యి ఆరితే నాకేం ఇజ్జతు?"

రాఘవేందర్ కోపం చప్పున చల్లారింది.

"ఇంకెన్ని గుత్తులున్నయి?"

"రెండే."

రెండూ కొన్నాడు. గేటు లేచింది.

మర్నాటి నుంచి ఆయనదే తొలి బేరం. సంగతి మెల్లగా పాకింది. తిట్టిన లారీలవాళ్లే రైలు రాకముందే "అవ్వా, జల్దీ అంగూర్లియ్యి" అని ఎగబడసాగారు. రైలు దాటడం, గేటు లేవడం ఒకేసారి జరిగిపోయేవి.

ఖాళీ గంప చంకనబెట్టుకొని పోతున్న సాలమ్మను గర్వంగా చూపిస్తూ గౌరయ్య అన్నాడు:

"చూసినవా సేటూ! మా రైలే గాదు, మా సాలమ్మ గుడ ఎక్స్‌ప్రెస్సే."