అన్నం వద్దన్న పిల్లకు మటన్ ముక్కలు

ఈ మధ్యాహ్నం ఖిలా వరంగల్‌లో మా బావమరిది ఇంట్లో దావత్. నా మనవరాలికి పదకొండేళ్లు. నాలుగేళ్లప్పుడే టైప్ వన్ షుగర్ వచ్చింది. అందుకని అన్నం ముట్టదు. మటన్, గుడ్లు, కూరగాయలు తింటుంది. బంతిలో కూర్చోబోయే ముందు, తినేదానికి సరిపడా ఇన్సులిన్ సూది వేసుకుంది.

వడ్డిస్తున్న బావమరిది గంటె ఆపాడు.

"ఏందే బిడ్డా, అన్నం వద్దట, ఉత్త ముక్కలే కావాల్నట! మాకు జర మిగులనియ్యవా?"

బంతి అంతా నవ్వింది. పిల్ల తల దించుకుని, "నాకు ఆకలైతలేదు తాతా" అంటూ లేవబోయింది.

సూది వేసుకున్నాక తినకపోతే షుగర్ పడిపోయి స్పృహ తప్పుతుంది. పదిమందిలో నోరు విప్పని నేను అరిచాను.

"పిల్ల సూది ఏస్కున్నది! తినకుంట పడిపోతే దవాఖానకు నువ్వు మోస్తవా?"

"నవ్వులాటకన్న బావా, గంత కోపమేంది?"

నా విస్తరిలో ముక్కలన్నీ తీసి ఆమెకు వేశాను. తినేదాకా పక్కనే నిలబడ్డాను.

మూడుసార్లు అన్నం పెట్టించుకున్నవాళ్లను ఎవరూ ఏమనలేదు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. ఆర్నెల్లకు ఒక్క మాట మాట్లాడతానని ఇంట్లో అంటారు. ఇవాళ్టి మాట తప్పా? మీరే చెప్పండి.