ఏటకీ ఏటికీ మధ్య

మా దీవిలో బడి పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, రాయమంటే దిక్కులు చూస్తారు. అందుకని నా ఫోన్‌లోని ఉచిత యాప్‌తో క్లాసులో ఒక ఆట పెట్టాను. మనం మాట్లాడింది అది తెలుగులో రాస్తుంది. తప్పు లేకుండా రాయించినవాళ్ళు గెలిచినట్టు.

ముందురోజే ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర నా క్లాసు పిల్లను వెంటబెట్టుకుని వాళ్ళమ్మ ఎదురై, "మా పాప బాగా సదువుతోందా టీచర్?" అని అడిగింది. "దానికింకా తెలుగే రాలేదు దీదీ" అనేసి పడవ టికెట్ లైన్లోకి వెళ్ళిపోయాను.

ఆటలో ఆ పాపే ముందుకొచ్చి ఫోన్ అందుకుంది. వాళ్ళ నాన్న చేపల వేటకు వెళ్ళాడు. "మా నాన ఏటకెల్లినాడు" అంది.

ఫోన్ "మా నాన్న ఏటికి వెళ్ళాడు" అని రాసింది. పైకి చదివాను.

"అరే, ఇక్కడ ఏరెక్కడుంది టీచర్? అంతా సముందర్ కదా!" అని క్లాసంతా నవ్వింది.

పాప ఇంకాస్త గట్టిగా చెప్పింది. మళ్ళీ ఏరే వచ్చింది.

"వేటకు అను, సరిగ్గా రాస్తుంది" అన్నాను విసుగ్గా.

పాప ఫోన్‌ను జాలిగా చూసి నా చేతిలో పెట్టేసింది.

"పోన్లెండి టీచర్. దీనికింకా తెలుగే రాలేదు."