జిన్నింగ్ మిల్లులో ఫ్రెంచి క్రియలు

2023 వేసవి. ఇంటర్ పరీక్షలు అయిపోయి గుంటూరులో మా కాలేజీకి సెలవులిచ్చారు. నేను అక్కడ ఫ్రెంచి చెబుతాను. మా పిల్లలు ఎక్కువమంది సెకండ్ లాంగ్వేజీగా ఫ్రెంచి తీసుకునేది మార్కుల కోసమే. పరీక్ష రాశాక దానితో పనుండదు. అందుకే నల్లపాడు నుంచి యేసుపాదం వచ్చి, "నాకు ఫ్రెంచి మాట్లాడటం నేర్పాలండి మేడం గారూ" అన్నప్పుడు, మాట్లాడటమేనా అని మళ్లీ అడిగాను.

ఆయనకు నలభై దాటాయి. జిన్నింగ్ మిల్లులో, అంటే పత్తి నుంచి గింజ వేరుచేసే మిల్లులో, ఫిట్టరు. ఆఫ్రికాలోని బెనిన్ దేశంలో ఒక మిల్లుకు ఫిట్టరు కావాలి. అక్కడ పని నడిచేది ఫ్రెంచిలో. జూన్ ఆఖర్లో అక్కడి వర్క్‌షాపు పెద్ద వీడియో కాల్‌లో మాట్లాడి చూస్తాడు. మాట్లాడలేకపోతే ఉద్యోగం లేదు. ఇక్కడేమో పత్తి సీజను ముగిస్తే మళ్లీ మొదలయ్యేదాకా పని వెతుక్కోవడమే.

అలవాటు ప్రకారం కాంజుగేషన్‌తో మొదలుపెట్టాను. నేను, నువ్వు, మీరు అని మనిషిని బట్టి క్రియ రూపం మార్చడాన్ని అలా అంటారు. తెరవడం, మూయడం, ఆపడం, ఎత్తడం. సండేస్కూల్లో వాక్యాలు అప్పజెప్పినట్టు యేసుపాదం అన్నీ కంఠతా పట్టాడు. తలుపు తీయమని ఫ్రెంచిలో చెప్పమంటే మాత్రం మాట పెగలదు.

ఒకరోజు ఆయన భార్య మార్తమ్మ వెంట వచ్చింది.

"ఇంట్లో గోడకి అప్పజెబుతాడు మేడం. టీ తాగుతావా అంటే గుడ్లప్పగించి చూస్తాడు."

"నువ్వు తెలుగులో అడిగితే ఫ్రెంచిలో ఎట్టా చెప్పనే?"

"తెలుగులో మాత్రం ఎప్పుడు చెప్పావు?"

ఆ మాట నాలో ఉండిపోయింది. మర్నాడు మిల్లుకు వెళ్లాను. రిపేరు చేసిన మిషన్లను తిప్పి చూస్తున్నారు. ఆ మోతలో పక్క మనిషి మాట వినపడదు. యేసుపాదం అరచెయ్యి చూపితే ఎదుటి మిషను దగ్గర తోటి పనివాడు సుబ్బారావు ఆగుతున్నాడు. పిడికిలి బిగిస్తే స్విచ్ కట్టేస్తున్నాడు. యేసుపాదం ఇన్నేళ్లుగా పని సంగతులన్నీ చేతులతోనే చెబుతున్నాడు.

మిషన్లు ఆగాక, "ఆ చెయ్యి లేచినప్పుడల్లా ఫ్రెంచి మాట కూడా అనండి" అన్నాను. అరచేతికి 'అతాందే', అంటే ఉండండి. పిడికిలికి 'అరెతే', ఆపండి.

"ఏరా, నన్ను తిడుతున్నావా?" అన్నాడు సుబ్బారావు.

"నిన్ను తిట్టడానికి తెలుగు చాలదంట్రా?"

కొన్నాళ్లకు అన్నాల దగ్గర యేసుపాదం చేతులు కదపకుండా 'అతాందే' అంటే, సుబ్బారావు ముద్ద నోటి దగ్గరే ఆపేవాడు.

ఇంటర్వ్యూ మా ఇంట్లోనే, నా ఫోన్లో జరిగింది. రోలరు దగ్గర పత్తి ఇరుక్కుంటే మనుషులకు ఏం చెబుతావని అడిగాడు అవతలి పెద్దాయన. ముందు యేసుపాదం పిడికిలి లేచింది, దానితోపాటే మాటా వచ్చింది. "అరెతే. అతాందే. ఊవ్రే." ఆపండి, ఉండండి, తెరవండి. పెద్దాయన తలూపాడు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. యేసుపాదం ఫోన్ మీదికి వంగి తన పిడికిలి చూపించాడు. "అరెతే... వూ... కొమాఁ?" ఆపండి, మీరు, ఎలా?

ఆ వాక్యం నేను నేర్పింది కాదు. రూపం తప్పు, వరుస తప్పు. దిద్దుదామని నేను నోరు తెరిచేలోగా పెద్దాయన ముంజేతులు రెండూ ఒకదానికొకటి అడ్డంగా పెట్టి చూపాడు. మళ్లీ ఒకసారి, నెమ్మదిగా. యేసుపాదం అలాగే చేసి చూపాడు.

"అక్కడ ఆపమనే సైగ వేరే ఉంటే ఎవరి వేళ్లో పోతాయి కదండీ. అడక్కుండా ఎట్టా?" అన్నాడు తర్వాత.

ఉద్యోగం వచ్చింది. సెలవులయ్యాక నా క్లాసులో మొదటిరోజు పద్ధతి కూడా మారింది. మీకు నిజంగా తెలుసుకోవాలని ఉన్నది ఏదైనా ఫ్రెంచిలో నన్ను అడగండి అంటాను, చేతికి దొరికిన మాటలతోనే. ముందు జవాబు చెబుతాను. దిద్దడం ఆ తర్వాత.