సాంచాలు ఆగిన మధ్యాహ్నం

మా వాడలో ఎవరూ నెమ్మదిగా మాట్లాడరు. కరీంనగర్‌కు గంట దూరంలో ఉన్న ఈ నేత ఊళ్లో ఇంటింటికీ సాంచాలే. కరెంటుతో గుడ్డ నేసే ఆ యంత్రాల టకటకలో మాట వినపడాలంటే అరవాలి, లేదా పెదవులు కదిపి ఊరుకోవాలి. అవ్వది, అంటే మా అమ్మది, రెండో విద్య, నాది మొదటిది. నేసే ఇంట్లో పుట్టి కూతలు నేర్చుకున్న పిల్లనని బాపు అనేవాడు.

ఆ కూతలతోనే మొదటిసారి వీడియో ఇంటర్వ్యూకు కూర్చున్నాను. అవతలి ఆయన కాసేపు విని, "మీరు రైల్లో ఉన్నారా?" అని అడిగాడు. ఇంట్లోనే ఉన్నానన్నాను. అదీ ఆయనకు వినిపించలేదు. ఆ ఉద్యోగం అక్కడితో సరి.

రెండో కంపెనీ నుంచి ఒకరోజు మధ్యాహ్నం పన్నెండు దాటాక మెయిల్ వచ్చింది. రెండింటికే ఇంటర్వ్యూ. కరీంనగర్‌లో స్నేహితురాలి గదికి వెళ్దామంటే బస్సు అందదు. ఉద్యోగం కన్నా ముందు ఉద్వేగం వచ్చింది.

"మనయి బందువెట్టు" అంది అవ్వ బాపుతో.

"మనయి బందువెడ్తె ఏమైతది? వాడ మొత్తం మోగవట్టె."

కాసేపు సాంచాలు ఆపమని అడగడానికి అవ్వ చెప్పులు తొడుక్కుని ఎదురింటి నుంచి మూలింటి దాకా నడిచింది. నేను వద్దంటూ వెంటపడ్డాను. మాకు కూలి మీటర్ల లెక్కన. సాంచా ఆగితే కూలి కూడా ఆగుతుంది. ఎదురింటి పెద్దమ్మ వెంటనే తలూపింది. మూలింటి కాక మాత్రం నవ్వాడు.

"ఇన్నేండ్లు సదివినవు, నీ ఇంగిలీషు ఒక్క ముక్క ఇనలే. జర మమ్ముల్ని గూడ ఇననియ్యవే!"

రెండవుతుండగా ఒక్కో ఇల్లూ ఆగుతూ వచ్చింది. చివరి సాంచా కూడా ఆగాక మా గోడ గడియారానికి చప్పుడుందని నాకు మొదటిసారి తెలిసింది. రేకుల మీద కాకి నడక వినిపించింది. గుమ్మం దగ్గర అవ్వ ఊపిరి వినిపించింది. పుట్టిన దగ్గర్నుంచి నేను వినని నిశ్శబ్దం అది. ఇంతమంది కలిసి దాన్ని నాకోసం నేసి పెట్టారనిపించింది.

తెరమీద మేడం నా గురించి చెప్పమంది. బట్టీపట్టిన వాక్యం మధ్యలోనే పోగు తెగింది.

అంతలో ఎదురింట్లో పెద్దమ్మ మనవరాలు గుక్కపెట్టింది. ఆ వెనకే మరో ఇంట్లో మరో పసిగొంతు.

"అంతా బాగానే ఉందా?" అంది మేడం.

ఇక దాచేదేముంది! నా మాట వినపడాలని వాడవాళ్లు సాంచాలు ఆపారని, ఆ మోతే జోలగా పెరిగిన పిల్లలు మోత ఆగేసరికి లేచారని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పేశాను.

ఆవిడ తెరకు దగ్గరగా జరిగింది. "అందరూ ఆపారా?"

"అవును మేడం."

"ముందు పిల్లల్ని పడుకోనివ్వండి. నడపమనండి. మనమే కాస్త గట్టిగా మాట్లాడుకుందాం."

గట్టిగా మాట్లాడమంటే నాకు చెప్పాలా! నా సైగ చూసి అవ్వ కిటికీలోంచి చెయ్యి ఊపగానే పెద్దమ్మ సాంచా అందుకుంది, పిల్ల ఏడుపు తగ్గింది, నా గొంతు లేచింది. ఆవిడ అడిగినవాటికల్లా అరిచి మరీ జవాబులు చెప్పాను. తెలియనిది తెలియదని కూడా అంతే గట్టిగా చెప్పాను.

అయ్యాక కాక కిటికీలో తలపెట్టి, "ఏం సమజ్ కాలే గని, మస్తు మాట్లాడినవ్ బిడ్డా" అన్నాడు.

జవాబు వచ్చేదాకా వాడలో ఎవరూ నన్నేమీ అడగలేదు. వచ్చిన రోజు సాంచాలన్నీ జోరు మీదున్నాయి. అవ్వ తెగిన పోగు ముడేస్తోంది. గొంతెత్తబోయి ఆగి, పెదవులు మాత్రం కదిపాను: "వచ్చింది."

అవ్వ చేతిలో పోగు జారింది. కిటికీ వైపు తిరిగి ఆ మాటే పెదవులతో పెద్దమ్మకు అందించింది. పెద్దమ్మ పక్కింటికి, వాళ్లు ఆ పై ఇంటికి. ఏ సాంచా ఆగకుండా, ఎవరి గొంతూ లేవకుండా నా ఉద్యోగం వాడ చివరికి నడుస్తుంటే గుమ్మంలో నిలబడి కళ్లప్పగించి చూశాను.

మూలింటి ముందు కాక చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెదవులు కదిపాడు:

"ఇంగిలీషుల చెప్పవే!"